నౌకకు కవచము: భారత నౌకాదళమున ఆత్మరక్షక క్షిపణుల సేకరణము

పూర్వము యుద్ధనౌకకు ఉక్కు రేకుల మందమే రక్షణముగా నుండెడిది. క్షిపణులు వచ్చిన పిదప ఆ రక్షణము చాలదని తేలినది. 1967 అక్టోబరు 21న ఈజిప్టు వారి చిన్న పడవలు ప్రయోగించిన సోవియట్ స్టిక్స్ క్షిపణులకు ఇజ్రాయేలు నౌక ‘ఐలాత్’ మునిగిపోయెను. 1971 డిసెంబరులో భారత నౌకాదళము అట్టి క్షిపణులతోనే కరాచీ సమీపమున పాకిస్థాను నౌకలను ముంచినది. 1982 మే 4న ఫాక్లండు యుద్ధమున బ్రిటిషు నౌక ‘షెఫీల్డ్’ ఒకే ఒక ఎక్సోసెట్ క్షిపణి తాకిడికి దగ్ధమై, ఇరువదిమంది నావికులు మరణించిరి.

ఈ ప్రమాదమున మూలము కాలాభావము. నౌకా విధ్వంసక క్షిపణి కడలి నీటికి కొన్ని మీటర్ల ఎత్తున మాత్రమే ఎగిరివచ్చును. భూమి గుండ్రముగా నుండుటచే, 20 మీటర్ల ఎత్తున నున్న రాడారునకు 5 మీటర్ల ఎత్తున వచ్చు క్షిపణి సుమారు 28 కిలోమీటర్ల దూరమునకు వచ్చువరకు కానరాదు. అది క్షణమునకు 300 మీటర్ల వేగముతో వచ్చునేని, నౌకలోని వారికి మిగులు వ్యవధి నిమిషమున్నర మాత్రమే. ఆ లోపలనే దానిని గుర్తించి, శత్రువుదని నిర్ణయించి, ప్రతిక్షిపణిని ప్రయోగించి, దూరముననే కూల్చవలెను.

కావున ఆత్మరక్షక క్షిపణి యనగా ఒక్క ఆయుధము కాదు. రాడారు, గణనయంత్రము, ప్రయోగపేటిక, క్షిపణి అను నాలుగింటి కూర్పు. ఒకదానిని మార్చిన తక్కినవానిని సరిచూడవలెను. నౌకను మరమ్మతు రేవునకు చేర్చి తీగెలను, విద్యుత్సరఫరాను గూడ మార్చవలసివచ్చును. ఆధునికీకరణమునకు ఏండ్లు పట్టుటకు ఇదియే హేతువు.

భారతదేశము ఇట్టి ఆయుధమును స్వయముగా నిర్మింపదలచి, 1983లో ఆరంభమైన క్షిపణి కార్యక్రమమున ‘త్రిశూల్’ను చేర్చినది. హైదరాబాదులోని రక్షణ పరిశోధనాలయము ఆ భారమును వహించినది. కాని పని ఆలస్యమయ్యెను. త్రిశూల్ కొరకు ఉద్దేశించిన బ్రహ్మపుత్ర తరగతి ఫ్రిగేటు నౌకలకు వేరు ఆయుధమును వెదుకవలసివచ్చినది. 2000లో ఇజ్రాయేలునుండి ఏడు ‘బరాక్’ వ్యవస్థలను, 200 క్షిపణులను కొనుటకు ఒప్పందము జరిగినది. విమానవాహకనౌక ‘విరాట్’ మొదలుగా పలు నౌకలకు ఇవి అమర్పబడినవి. ఈ కొనుగోలుపై కేంద్ర నేరపరిశోధక సంస్థ 2006లో కేసు నమోదు చేసి, 2013లో ముగింపు నివేదికను సమర్పించినది. త్రిశూల్ కార్యక్రమము 2008లో నిలిపివేయబడినది.

కొన్న ఆయుధము కలకాలము నిలువదు. రాకెట్టు ఇంధనము కాలక్రమమున క్షీణించును. అభ్యాసములలో నిల్వలు తరుగును. అందుచే 2018 జనవరిలో సుమారు 460 కోట్ల రూపాయలతో మరి 131 బరాక్ క్షిపణులను కొనుటకు అనుమతి వెలువడినది.

రెండవ మార్గము ఉమ్మడి నిర్మాణము. 2006లో భారత, ఇజ్రాయేలు దేశములు ‘బరాక్-8’ కొరకు చేతులు కలిపినవి. మొదటి బరాక్ సుమారు పది కిలోమీటర్ల దూరమున నౌక యిచ్చు సూచనలననుసరించి నడచును. బరాక్-8 సుమారు డెబ్బది కిలోమీటర్లు పోగలదు. దాని శిరస్సుననే చిన్న రాడారు కలదు గనుక, తుదిదశలో లక్ష్యమును తానే వెదకుకొనును; తన్మూలమున నౌక ఒకేసారి పలు లక్ష్యములను ఎదుర్కొనగలదు. 2015 డిసెంబరులో ‘కోల్‌కతా’ నౌకనుండి ఇది పరీక్షింపబడినది. 2021లో సేనలో చేరిన ‘విశాఖపట్నం’ నౌకకును ఇదే కవచము. హైదరాబాదులోని భారత్ డైనమిక్స్ వీనిని తయారుచేయును. నౌకాదళమునకు అందించుటకై 2025 జనవరిలో సుమారు 2,960 కోట్ల రూపాయల ఒప్పందమును పొందినది.

మూడవది స్వదేశీ మార్గము. విమానములనుండి ప్రయోగించు ‘అస్త్ర’ క్షిపణి ఆధారముగా, మొదటి బరాక్ స్థానమున నిలుచుటకు, నిట్టనిలువుగా ఎగయు స్వల్పదూర క్షిపణి రూపొందినది. ఒడిశాలోని చాందీపూర్‌లో 2021 ఫిబ్రవరి 22న దాని తొలి పరీక్షలు జరిగినవి. 2022 జూన్ 24న ఆ తీరముననే యుద్ధనౌకనుండియు ప్రయోగింపబడినది.

ఈ మూడు మార్గములలో ఏదియు తక్కినవానిని వ్యర్థము చేయలేదు. విదేశపు కొనుగోలు తక్షణావసరమును తీర్చినది. ఉమ్మడి నిర్మాణము విద్యను నేర్పినది. స్వదేశీ కృషి పరాధీనతను తగ్గించుచున్నది. కడలిపై నావికునకు లభించునది నిమిషమున్నర. ఆ నిమిషమున్నరలో అతని చేతికి అందవలసిన ఆయుధమును గూర్చిన నిర్ణయము ఒడ్డుననున్నవారు పది, పదునైదేండ్ల ముందుగానే చేసియుండవలెను.