అంటుదోస: వేరొకటి, తీగ యొకటి



మామిడి యంటు మన సీమవారికి క్రొత్త కాదు. బనగానపల్లి మామిడి టెంకను నాటినచో తల్లిచెట్టు గుణము నిలువదు. అందుచే నాటుమొక్కపై దాని కొమ్మను అంటుకట్టుదురు. అచ్చట మనము కోరునది పైభాగము. కీరదోసకు అంటుకట్టుటలో కోరునది క్రిందిభాగము. గుమ్మడి మొలకపై దోస మొలకను అతికించి, దోసకాయను గుమ్మడి వేళ్లచే పోషింపజేయుటయే యీ పద్ధతి.

జపాను దేశస్థులు 1920వ దశకమున పుచ్చతీగలను ఎండుతెగులునుండి కాపాడుటకై గుమ్మడిపై అంటుకట్ట నారంభించిరి. పిమ్మట ఆ పద్ధతి దోసకును, కొరియా మున్నగు దేశములకును వ్యాపించెను. మన దేశమున బెంగుళూరు చెంత హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థయు కూరగాయల యంటులపై పరిశోధనలు చేసియున్నది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల రైతునకు దీనివలన నేమి ప్రయోజనమో విచారింతము.

మొదటిది నీరు. దోసకాయలో నూటికి 95 వంతులు నీరే. కాని దోస వేళ్లు నేల పైపొరలోనే యుండును. ఎండ ముదిరినప్పుడు ఆకులు విడుచునంత నీటిని వేళ్లు అందింపలేవు. అప్పుడు ఆకులు తమ సూక్ష్మరంధ్రములను మూసికొనును. దానితో పెరుగుదలయు నిలిచిపోవును. గుమ్మడి వేళ్లు బలిసినవి, దూరముగ ప్రాకునవి. అతుకు చక్కగ కుదిరినచో రెండు మొక్కల నాళములు కలిసికొని, గుమ్మడి త్రాగిన నీరు దోస ఆకునకు చేరును. అతుకు సరిగా కుదరనిచో, వేరు బలమైనదైనను నీరు మధ్యనే అడ్డగింపబడి మధ్యాహ్నమునకు తీగ వాడును.

రెండవది ఉప్పు. తుంగభద్ర దిగువకాలువ నీరు చాలని చోట రైతు బావినే నమ్ముకొనును. కొన్ని బావుల నీరు ఉప్పన. నేలపరీక్షలో లవణపు కొలత, అనగా విద్యుద్వాహకత, 2.5 డెసీసైమన్లు మించినచో, ఆపై పెరిగిన ఒక్కొక్క డెసీసైమనుకు దోస దిగుబడి నూటికి సుమారు 13 వంతులు తగ్గును. గుమ్మడి వేరు సోడియమును చాలవరకు తనలోను, కాండపు మొదటను నిలిపివేసి, ఆకులకు తక్కువగ పోనిచ్చును. అయినను నేలలోని ఉప్పు నేలలోనే యుండునని మరువరాదు. అంటు ఉప్పును ఓర్చుకొనునే గాని పోగొట్టదు.

మూడవది ఆహారము. గుమ్మడి వేరు నత్రజనిని, మెగ్నీషియమును చురుకుగ గైకొనును. కావున సాదా దోసకు వేయు ఎరువంతయు మొదటనే వేసినచో తీగ విపరీతముగ పెరిగి కాపు ఆలస్యమగును. నత్రజనిని విడతలుగ, కొంత తగ్గించి వేయుట మేలు.

వేరు మారినచో కాయ యెట్లు మారునో చూడుడు. దోసకాయపై కనబడు తెల్లని పొడి ముఖ్యముగ సిలికా. జపానులో మెరయు కాయలకు గిరాకి యుండుటచే, సిలికాను తక్కువగ గ్రహించు గుమ్మడి రకములపై అంటుకట్టిరి. కాయలు మెరసినవి, కాని సిలికా తగ్గిన ఆకులకు బూడిదతెగులును ఎదిరించు శక్తి తగ్గెను. వేరు ఒకటి యిచ్చి మరియొకటి తీసికొనునని దీనివలన తెలియుచున్నది.

ఇచ్చట మా తప్పొకటి చెప్పవలసియున్నది. ఎమ్మిగనూరు చెంత ఒక రైతు మా మాట నమ్మి, అప్పుచేసి అంటునారు కొని నాటెను. కలుపు తీయునప్పుడు మొదళ్లకు మన్ను ఎగదోసిరి. మేము అడ్డుచెప్పలేదు. అతుకు మన్నులో కప్పబడి, దోస తన స్వంతవేళ్లు వేసెను. ఆ వేళ్లగుండ ఉప్పునీరు నేరుగ ఆకులకెక్కి, అంచులు మాడిపోయెను. రైతు అంటునకు వెలయిచ్చి సాదాదోస ఫలితమే పొందెను. కావున అతుకు ఎల్లప్పుడును నేలకు పైననే యుండవలయును. గుమ్మడి చిగుళ్లు మొలచినచో వెంటనే గిల్లివేయవలయును.

అంటునారునకు రెండు విత్తనములు, నేర్పుగల చేయి కావలయును. కట్టిన తరువాత వారము దినములు నీడ, తేమగల గాలి తప్పనిసరి. అందుచే దాని వెల సాదానారు వెలకు కొన్ని రెట్లుండును. మంచినీరు, తెగులు లేని నేలగల రైతు దీనికై తొందరపడ నక్కరలేదు. ఉప్పునీటి బావి, ఎండుతెగులుగల మడి యున్నవారు ముందుగ నీటిని, నేలను పరీక్షింపించి, ఒక సాలు అంటుదోస, దాని ప్రక్కను ఒక సాలు సాదాదోస నాటి, రెండింటి కాయలను వేరువేరుగ తూచి వ్రాసికొనవలెను. ఆ లెక్కను సంఘ సమావేశమునకు తెచ్చినచో తక్కిన సభ్యులకు మా మాటకన్న అదియే మంచి సలహా కాగలదు.