“అది ఉత్త థియరీయే కదా!” అనే ముందు...



పరికల్పన, సిద్ధాంతం, నియమం. ఈ మూడింటికీ తేడా ఏమిటని మీ అబ్బాయినో అమ్మాయినో ఈ రోజు అడిగి చూడండి. “ముందు ఊహ. రుజువైతే సిద్ధాంతం. ఇంకా గట్టిగా రుజువైతే నియమం” అని చాలామంది పిల్లలు చెప్తారు. ఆఫీసులో ప్రమోషన్ల వరసలా వినడానికి బాగుంటుంది, కానీ తప్పు. ఇందులో మన పాత్ర కూడా ఉంది. “అదంతా థియరీ, ప్రాక్టికల్‌గా కుదరదు” అని ఇంట్లో మనం అంటూ ఉంటాం. థియరీ అంటే నమ్మకూడని మాట అని పిల్లలకు అర్థమవుతుంది.

పరికల్పన: పరీక్షించి చూడాల్సిన ఊహ

మలేరియా అనే పేరుకు ఇటాలియన్‌లో ‘చెడు గాలి’ అని అర్థం. ఆ జ్వరం గాలి వల్ల వస్తుందని ఒకప్పుడు నమ్మేవారు. దానికి దోమలతో సంబంధం ఉండవచ్చని 1894లో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు రొనాల్డ్ రాస్‌కు చెప్పారు. అది పరికల్పన. రాస్ రెండేళ్లపాటు దోమలను కోసి మైక్రోస్కోపు కింద చూశారు. చివరికి 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో, రోగి రక్తం తాగిన దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని గుర్తించారు.

మాన్సన్ ఊహలో ఇంకో భాగం కూడా ఉంది: దోమలు చచ్చిపడిన నీళ్లు తాగితే జ్వరం వస్తుందని. అది పరీక్షకు నిలబడలేదు. మరుసటి ఏడాది కలకత్తాలో, పక్షులకు వచ్చే మలేరియా దోమకాటుతోనే వ్యాపిస్తుందని రాస్ చూపించారు. సగం ఒప్పు, సగం తప్పు. అయినా ఆ ఊహ లేకపోతే ఆ వెతుకులాటే లేదు.

నియమం: ఏం జరుగుతుందో చెప్పేది

సూది లేని సిరంజిలోకి గాలి లాగి, మూతిని బొటనవేలితో మూసి నొక్కండి. లోపలికి వెళ్లేకొద్దీ నొక్కడం కష్టమవుతుంది. ఉష్ణోగ్రత మారకపోతే, గాలి ఘనపరిమాణం సగమైనప్పుడు పీడనం రెట్టింపవుతుంది. 1662లో ప్రచురించిన బాయిల్ నియమం ఇదే. ఏం జరుగుతుందో, ఎంత జరుగుతుందో అది చెప్తుంది. ఎందుకు జరుగుతుందో చెప్పదు.

సిద్ధాంతం: ఎందుకో చెప్పేది

ఆ ‘ఎందుకు’కు జవాబు అణుచలన సిద్ధాంతంలో ఉంది. గాలిలోని అణువులు అన్ని దిక్కులకూ పరుగెడుతూ సిరంజి గోడలను ఢీకొంటూ ఉంటాయి. చోటు సగమైతే ఢీకొనడం రెట్టింపవుతుంది. బాయిల్ తర్వాత దాదాపు 200 ఏళ్లకు మాక్స్‌వెల్, బోల్ట్స్‌మన్ వంటివారు దీనికి పూర్తి రూపం ఇచ్చారు. ఎండలో నిలిపిన బండి టైరులో పీడనం ఎందుకు పెరుగుతుందో కూడా ఇదే సిద్ధాంతం చెప్తుంది. వేడికి అణువుల వేగం పెరుగుతుంది కాబట్టి.

అంటే సిద్ధాంతం ఎదిగి నియమం కాదు. రెండింటి పనులు వేరు. నియమం తిరుగులేనిదీ కాదు: పీడనం మరీ ఎక్కువైతే బాయిల్ నియమం సరిగ్గా పనిచేయదు. సూక్ష్మక్రిముల వల్ల రోగాలు వస్తాయన్నదీ సిద్ధాంతమే. దాన్ని ‘ఉత్త థియరీ’ అని ఏ డాక్టరూ కొట్టిపారేయరు.

తెలుగులో ఇంకో చిక్కు

‘పైథాగరస్ సిద్ధాంతం’ అని కూడా అంటాం కదా! అది లెక్కల్లోని థీరమ్. తర్కంతో ఒకసారి రుజువైతే ఇక మారదు. సైన్సులో సిద్ధాంతం సాక్ష్యాల మీద నిలబడుతుంది. కొత్త సాక్ష్యం వస్తే దాన్ని సవరిస్తారు. ఈ తేడా పిల్లలకు ఒక్కసారి చెప్పండి.

ఈ నెల ఇంట్లో

ఫోన్ ఛార్జింగ్ ఎక్కకపోతే వెంటనే మీరే సరిచేయకండి. “కారణం ఏమై ఉంటుంది?” అని పిల్లలను అడగండి. కేబుల్ అంటే కేబుల్ మార్చి చూడనివ్వండి. ఆ తర్వాత ఛార్జర్, ఆ తర్వాత ప్లగ్. ఒకసారికి ఒకటే మార్చాలి. అప్పుడే అసలు కారణం తెలుస్తుంది. “నువ్వనుకున్నది తప్పైతే ఎలా తెలుస్తుంది?” అని కూడా అడగండి.

ఊహ తప్పైందని మాత్రం కోప్పడకండి. తప్పని తేలితే వెతకాల్సిన చోట్లలో ఒకటి తగ్గినట్టే. ఇంట్లో అలా ఊహించి, పరీక్షించి చూసిన పిల్లలకు ఆ మూడు మాటలూ బట్టీ పట్టే అవసరం రాదు.