గుక్కకొక పద్దు

పాలవాడు పోసిన పాలకు గోడమీద గీతలు గీయుట, చాకలికి వేసిన బట్టలకు పద్దు వ్రాయుట తెలుగు గృహిణులకు తరతరముల అలవాటు. శెట్టిగారి అంగడిలో అరువు తెచ్చిన కందిపప్పునకు సైతము చిట్టాలో చోటుండెను. లెక్క తప్పిన సంసారము నిలువదని పెద్దలెరుగుదురు. కాని ఇంటి యజమాని సాయంకాలము త్రాగు మద్యమునకు మాత్రము ఏ చిట్టాలోను పద్దు కానరాదు. ఎంత త్రాగితివని అడిగినచో వచ్చు సమాధానము ఏ దేశమందైనను ఒక్కటే: “ఏదో కొంచెము.” ఆ ‘కొంచెము’ ఎంతయో తేల్చుటకు నేడు సెల్‌ఫోనులో యాప్‌లు వెలసినవి.

వానిలో శాస్త్రీయముగా పరీక్షింపబడినది, లండను యూనివర్సిటీ కాలేజి పరిశోధకులు రూపొందించిన ‘డ్రింక్ లెస్’. తక్కువ త్రాగుమని ఆ పేరునకర్థము. మద్యపానమునుగూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిద్ధపరచిన పది ప్రశ్నలు ఇట్టి పరీక్షలకు ఆధారము. ఎన్నినాళ్లకొకమారు త్రాగుదువు, ఒకనాడు ఎంత త్రాగుదువు, మొదలిడిన పిదప ఆపలేకపోయిన సందర్భములున్నవా, తగ్గించుకొనుమని బంధువుగాని వైద్యుడుగాని హెచ్చరించెనా — ప్రశ్నలు ఈ తీరున నుండును. మొత్తము 40 మార్కులలో 8 గాని అంతకు మించిగాని వచ్చినచో త్రాగుడు హానికరమైన దారి పట్టినదని భావింతురు. అటుపిమ్మట వారమునకింత అని త్రాగువాడే తన హద్దును నిర్ణయించుకొనును. త్రాగిన ప్రతి పాత్రకు పద్దు వ్రాయును. త్రాగని దినమును సైతము గుర్తించును. ఉదయము 11 గంటలకు ఫోను మ్రోగి, నిన్నటి లెక్క వ్రాసితివా యని జ్ఞాపకము చేయును.

లెక్కకు కొలత కావలెను గదా! బ్రిటనులో 10 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాలును, అనగా 8 గ్రాములను, ఒక ‘యూనిట్’ అందురు. స్త్రీలుగాని పురుషులుగాని వారమునకు 14 యూనిట్లు మించరాదనియు, అదియైనను మూడు నాళ్లకు తగ్గకుండ పంచుకొనవలెననియు ఆ దేశపు ప్రధాన వైద్యాధికారులు 2016లో సలహా యిచ్చిరి. నూటికి 4 పాళ్లు ఆల్కహాలు గల బీరు ఆరు పైంట్లు త్రాగినచో ఆ వారపు వాటా ముగియును. ఇది అపాయము లేని హద్దు కాదు, అపాయము తక్కువగు హద్దు మాత్రమే. ఆరోగ్యమునకు పూర్తిగా నిరపాయకరమని చెప్పదగిన మోతాదు ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టపరచినది.

పద్దు వ్రాయవలసిన అగత్యమేమి, జ్ఞాపకము చాలదా? చాలదు. జనులు తాము త్రాగితిమని చెప్పిన మొత్తమును, అంగళ్లలో అమ్ముడుపోయిన మొత్తమును పోల్చి చూచిన పరిశోధకులకు పెక్కు దేశములలో ఒకే వింత కనబడినది. చెప్పినది అమ్మినదానిలో ఇంచుమించు సగమే! వీరందరును అబద్ధమాడిరనుకొనుట న్యాయము కాదు. మూడవ పాత్రవేళకు లెక్కించు బుద్ధియే మందగించును. సీసా నిండుగా నున్నప్పటి సంకల్పము సీసా సగమైనప్పుడు ఉండదు.

మరి ఈ యాప్ వలన ఫలమెంత? బ్రిటనులో 5,602 మందిని రెండు పక్షములుగా చేసి పరీక్షించి, ఫలితములను 2024లో ప్రకటించిరి. ఒక పక్షమునకు యాప్‌ను, రెండవ పక్షమునకు ప్రభుత్వ ఆరోగ్యశాఖవారి లిఖిత సలహాలను సూచించిరి. ఆరు నెలల పిదప ఉభయ పక్షములవారును తగ్గించిరి. యాప్ పక్షమువారు వారమునకు మరి రెండు యూనిట్లు అధికముగా తగ్గించిరని ఒక గణన చెప్పుచున్నది. మరింత కఠినమైన గణనలో ఆ భేదము ఒక్క యూనిట్‌కు దిగి, కాకతాళీయము కావచ్చుననిపించుచున్నది. కనుక ఇది మంత్రదండము కాదు. తగ్గించుకొనవలెనని నిశ్చయించినవానికి ఊతకర్ర మాత్రమే.

ఊతకర్ర ఒక్కొక్కప్పుడు కాలికి అడ్డు తగులుటయు కలదు. స్వీడను దేశమున ప్రభుత్వ మద్యవిక్రయ సంస్థ ‘ప్రొమిల్లెకోల్’ అను యాప్‌ను వెలువరించినది. త్రాగినది వ్రాసినచో రక్తములో ఆల్కహాలు ఏపాటి యున్నదో అది అంచనా కట్టి చూపును. విశ్వవిద్యాలయ విద్యార్థులపై దానిని పరీక్షించి 2014లో ప్రకటించిన ఫలితములు నిర్మాతలకు తలవంపు తెచ్చునవే. ఆ యాప్‌ను పొందిన యువకులు తగ్గించుటకు మారుగా మరి ఎక్కువ మారులు త్రాగిరి! ఇంకను హద్దు దాటలేదని అంకె చెప్పినప్పుడు, అది హెచ్చరిక కాక అనుమతిపత్రమైనట్లు తోచుచున్నది. ఖర్చు తగ్గించుటకు చిట్టా వ్రాయువాడొకడు, ఇంకెంత అప్పు పుట్టునో తెలిసికొనుటకు చిట్టా తిరుగవేయువాడొకడు. చిట్టా ఒకటే, చూచు కన్ను వేరు.

పై లెక్కలన్నియు పైంట్లకు, ద్రాక్షసారాయమునకు అలవడిన దేశముల లెక్కలు. తెలుగునాట కొలతలు వేరు. ఇక్కడ పెగ్గు, క్వార్టరు, బీరుసీసా. విస్కీ, బ్రాందీ సీసాలమీద ఆల్కహాలు 42.8 శాతమని సాధారణముగా అచ్చు వేసియుండును. ఆ లెక్కన 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గు రెండున్నర యూనిట్లు. 180 మిల్లీలీటర్ల క్వార్టరు 7.7 యూనిట్లు, అనగా వారపు హద్దులో సగమునకు మించి ఒక్క రాత్రిలో ముగియును. “బీరే గదా” యని తేలికగా తీసికొను 650 మిల్లీలీటర్ల సీసాలో 8 శాతము ఆల్కహాలున్నచో అదియు 5.2 యూనిట్లు. ఇంటిలో కంటిచూపుతో పోసికొన్న పెగ్గు అరవైయో తొంబదియో పోసినవానికే తెలియదు. ఇక చెట్టునుండి దింపిన కల్లు ప్రొద్దెక్కినకొలది పులిసి ఘాటెక్కును. దానికి ఏ యాప్ లెక్క కట్టగలదు?

ఈ నేలమీద మరియొక లెక్కయు జరిగినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయిపై తిరుగబడినప్పుడు వారు లెక్కించినది యూనిట్లను కాదు. కూలిడబ్బులో ఇంటికి చేరని భాగమును. ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమునకు దారితీసినది. 1997లో నిషేధము సడలినది. శాసనము అంగడి తలుపు మూయగలదు, తెరువగలదు. అంగడి తెరచియున్ననాడు చేయి చాచవలెనా వద్దా యనునది ఎవరికి వారు తేల్చుకొనవలసినదే. ఆ చోటనే ఈ చిన్న చిట్టాకు పని యున్నది.

అయితే ఇది అందరికిని తగిన సాధనము కాదు. తెల్లవారగనే చేతులు వణకువారు, త్రాగనిదే కుదుటపడనివారు తగ్గించుటకు యాప్‌ను నమ్ముకొనరాదు, ఒక్కమారుగా మానరాదు. అట్లు మానినచో మూర్ఛలు, సన్నిపాతమువంటి మతిభ్రమ కలిగి ప్రాణమునకే ముప్పు రావచ్చును. వారికి కావలసినది వైద్యుడు, మందు, కనిపెట్టి చూచువారు. వారము వారము హద్దు నిర్ణయించుకొని వారము వారము దాటువాడు సైతము దానిని తన బలహీనతగా దాచుకొనక వైద్యునికి చూపవలెను. ఆ పద్దులే ఆయనకు మంచి ఆధారము కాగలవు.

చిట్టా ఎవరి చేతిలో నుండవలెనను ప్రశ్నయు కలదు. భార్య ఫోను పరిశీలించి పద్దులు నిలదీయుట ఆరంభించిననాడు, భర్త దొంగలెక్క వ్రాయుట నేర్చును. పద్దు వ్రాయు చేయి త్రాగు చేయియే కావలెను.

ఇంటిలో మరియొక లెక్క ఎట్లును సాగుచునే యుండును. గుమ్మములో తండ్రి చెప్పులు విడుచు చప్పుడునుబట్టియే, ఆ రాత్రి పుస్తకము తీయవచ్చునో, దీపమార్పి పడుకొనవలెనో పిల్లలు గ్రహింతురు. వారు ఏ యాప్‌ను ఎరుగరు, కాని వారి లెక్క తప్పదు. తండ్రి పద్దు ఆ పిల్లల లెక్కతో సరిపోయిననాడు అది నిజమైన పద్దు.