ఆర్కిడ్ కుండీకి ఏడాదికి 5 గ్రాముల ఎరువు చాలు

తాడేపల్లి చుట్టుపక్కల ఎరువుల కొట్లలో 19-19-19 కిలో ప్యాకెట్ సులువుగా దొరుకుతుంది. మిరప రైతు లీటరుకు 5 గ్రాముల లెక్కన 200 లీటర్ల నీళ్లలో కలిపి చల్లితే ప్యాకెట్ ఒక్క పూటకే సరి. అదే ప్యాకెట్ బాల్కనీలోని ఒక్క మాత్ ఆర్కిడ్‌కి ఎన్నాళ్లు వస్తుందో లెక్కేస్తే 200 ఏళ్లు అని తేలుతుంది. పూలు రాలేదని మోతాదు పెంచేవాళ్లు ముందు ఈ లెక్క చూసుకోవాలి.

లీటరుకు అర గ్రాము

అడవిలో ఈ మొక్క చెట్ల కొమ్మలను పట్టుకుని బతుకుతుంది. బెరడు మీదుగా వాన నీళ్లు మోసుకొచ్చే కాసిన్ని పోషకాలే దానికి ఆధారం. మన కుండీలోనూ మట్టి ఉండదు. బెరడు ముక్కలు, బొగ్గు, కొబ్బరి పెచ్చులు ఉంటాయి. ఇవి మట్టిలా ఎరువును పట్టి ఉంచలేవు. నీళ్లు ఆవిరయ్యాక మిగిలిన లవణం వేళ్ల మీద తెల్లగా పేరుకుంటుంది, వేరు కొసలు నల్లబడతాయి.

లీటరు నీళ్లకు 0.5 గ్రాములు కలిపితే 95 మిల్లీగ్రాముల నత్రజని అందుతుంది. అది సరిపోతుంది. వంటింటి త్రాసు అర గ్రామును తూచలేదు కాబట్టి 10 గ్రాములను లీటరు నీళ్లలో కరిగించి, నీడలో దాచుకోవాలి. ఎరువు వేసేటప్పుడు అందులోంచి 50 మిల్లీలీటర్లు తీసి, మరో 950 మిల్లీలీటర్ల మంచినీళ్లు కలిపితే మోతాదు కుదురుతుంది. నెలలో మూడు వారాలు తడికి 250 మిల్లీలీటర్లు ఇవ్వాలి. నాలుగో వారం ఎరువు లేకుండా లీటరు నీళ్లు కుండీ గుండా పారించి లవణాన్ని కడిగేయాలి. ఏడాదికి దాదాపు 40 తడులకు పట్టేది 10 లీటర్లు, అంటే 5 గ్రాముల ఎరువు.

ప్యాకెట్ మీది చిన్న అక్షరాలు కూడా చదవాలి. 19 శాతం నత్రజనిలో యూరియా రూపంలో 10.5 శాతం దాకా ఉండవచ్చు, నైట్రేట్ 4 శాతానికి మించదు. ఆర్కిడ్‌కి నైట్రేట్ వాటా ఎక్కువుంటే మేలు. పత్తికి చల్లే 13-0-45లో ఉన్న నత్రజని అంతా నైట్రేటే. మూడు తడుల్లో ఒకటి దానితో, అదే అర గ్రాము లెక్కన ఇవ్వొచ్చు.

బోరు నీళ్ల టీడీఎస్ ఇప్పటికే 500 ఉంటే, ఈ అర గ్రాముతో లీటరులో కరిగిన సరుకు దాదాపు రెట్టింపవుతుంది. వాన నీళ్లు గానీ ఆర్వో నీళ్లు గానీ వాడాలి. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్లలో లవణాలు ఇంకా ఎక్కువ, అవి పనికిరావు.

కాడను ఎక్కడ కోయాలి?

పూలు రాలాక కాడను అడుగు నుంచి రెండో మూడో కణుపుకు ఒక సెంటీమీటరు పైన కోస్తే, 8 నుంచి 12 వారాల్లో పక్క కొమ్మ వేసి మళ్లీ పూస్తుందని పుస్తకాలు చెబుతాయి. చల్లటి దేశాల్లో ఇది ఎప్పుడైనా నడుస్తుంది. ఇక్కడ మాత్రం కోసే ముందు క్యాలెండర్ చూడాలి. మార్చిలో కోస్తే ఆ 12 వారాలు మే, జూన్‌లలో ముగుస్తాయి. 40 డిగ్రీల ఎండల్లో మొగ్గలు విచ్చకుండానే రాలతాయి. ఒక్కోసారి కణుపు దగ్గర పూలకు బదులు పిల్ల మొక్క వస్తుంది.

కాబట్టి లెక్క ఇది. ఆగస్టు, సెప్టెంబరులో పూలు రాలితే కణుపు పైన కోయండి, నవంబరు, డిసెంబరుకు పూస్తుంది. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఎప్పుడు రాలినా అడుగున రెండు సెంటీమీటర్లు వదిలి మొత్తం కాడ తీసేయండి. మొక్కకు నాలుగు గట్టి ఆకులు లేకపోతే ఏ నెలైనా అడుగుకే కోయాలి.

కోసే బ్లేడును ముందు పొయ్యి మంటలో కాల్చాలి. సింబిడియం మొజాయిక్ వైరస్ రసం ద్వారా ఒక మొక్క నుంచి ఇంకో దానికి పాకుతుంది. స్పిరిట్‌తో తుడిస్తే అది పోతుందని నమ్మలేం. కోసిన చోట చిటికెడు దాల్చినచెక్క పొడి అద్దితే గాయం ఆరుతుంది. మొక్క వేళ్లకు ఆ పొడి తగలనివ్వకండి. పచ్చటి ఆకులనూ, కుండీ బయటికి పాకిన గట్టి వేళ్లనూ కోయకూడదు.

పూత పుట్టించేది చలి

పగలూ రాత్రీ 28 డిగ్రీలు దాటి ఉంటే ఈ మొక్క ఆకులే వేస్తుంది. కొన్ని వారాల పాటు 25 డిగ్రీలకు దిగితేనే కొత్త కాడ పుడుతుంది. మనకు ఆ వాతావరణం సహజంగా దొరికేది డిసెంబరు, జనవరిలలోనే. అప్పుడు రాత్రిళ్లు 20 డిగ్రీల లోపుకు దిగుతుంది. నర్సరీలో పూలతో కొన్న మొక్క మళ్లీ పూయలేదంటే కిందటి చలికాలంలో రాత్రిపూట దాన్ని ఎక్కడ ఉంచారో గుర్తు చేసుకోండి. తలుపులేసిన హాల్లో ఉంచి ఉంటే, ఈసారి బాల్కనీలోకి మార్చండి. ఎరువు మోతాదు మాత్రం అర గ్రాము దగ్గరే ఉంచండి.