మధుమేహియు, నింటివారును

మధుమేహము ఒక్కని దేహమున పుట్టినను దాని భారమును ఇల్లంతయు మోయవలసియున్నది. పల్లెలలోను ఈ వ్యాధి నేడు విరివిగా కానవచ్చుచుండుటచే సభ్యులకు కొన్ని సంగతులు తెలుపుచున్నాము.

మొదట భారము పడునది వంటయింటిమీద. రోగికి వేరుగా వండుట పెక్కు ఇండ్లలో వాడుక. దానివలన ఇల్లాలికి రెండింతల పని. రోగికి వెలివేసినట్లు మనోవ్యథ. ఇది యనవసరమని మా యభిప్రాయము. అన్నము తగ్గించి పప్పు, ఆకుకూరలు, కాయగూరలు హెచ్చించిన భోజనము అందఱికిని మేలే. రాగిసంకటి యెంత తిన్నను దోషము లేదని కొందఱు చెప్పుట మాత్రము సరికాదు; అదియు కడుపులో చక్కెరగా మారునదే. ఇంక బంధువుల సంగతి. పెండ్లిపంక్తిలో ఒకరు "ఒక్క బూరెకు ఏమగును" అని బలవంతపెట్టుదురు. వేఱొకరు "నీకు అది కూడదు కదా" యని పదిమందిలో మందలింతురు. రెండును ప్రేమతో చేయునవే. రెండును రోగిని పంక్తికి దూరము చేయును.

1921లో టొరంటో నగరమున కనుగొనబడిన ఇన్సులిను ఎందఱి ప్రాణములనో నిలిపినది. అయినను ఇన్సులిను గాని, కొన్ని విధముల మాత్రలు గాని వాడువాడు వేళకు భుజింపక ఎండలో పొలముపని చేసినచో నెత్తుటిలోని చక్కెర మితిమీఱి తగ్గును. చెమటలు పట్టును, చేతులు వణకును, మాట తడబడును. కారణము లేకయే కసరును. త్రాగియున్నాడని తలచి తోడివారు వదలివేసినచో ప్రాణాపాయము. తెలివి యున్నయెడల మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి త్రాగింపవలెను. పావుగంటలో తేఱుకొననిచో మరల నట్లే చేసి, తేఱుకొనిన పిమ్మట అన్నము పెట్టవలెను. తెలివి తప్పినచో నోట నేమియు పోయరాదు. అది ఊపిరిత్రోవన పోవును. వెంటనే 108కి ఫోను చేయవలెను. పొలమునకు పోవునపుడు చక్కెర పొట్లమొకటి వెంట నుంచుకొనుట మంచిది. అది యెక్కడ నున్నదో కూలివారికిని తెలిసియుండవలెను.

స్పర్శ తగ్గిన కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. అరికాలు తన కంటికి సరిగా నందదు. కావున ప్రతిరాత్రియు భార్యయో, బిడ్డయో వెలుతురున చూడవలెను. పుండు ముదిరి కాలు తీయవలసి వచ్చినచో సేద్యమునకై సంఘములో తీసికొన్న అప్పు ఆసుపత్రికి చేరును. వ్యవసాయము కుమారునిపై బడి వాని చదువు ఆగును. ఇట్టి యిండ్లను మేము చూచియున్నాము.

తలిదండ్రులలో గాని తోబుట్టువులలో గాని ఒకరికి ఈ వ్యాధి యున్నచో తక్కినవారికి వచ్చు నవకాశము హెచ్చు. 30 ఏండ్లు నిండినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో నెత్తురు పరీక్ష ఉచితముగా చేయుదురు. రోగిని చూపింప పోవునాడే అన్నదమ్ములును వెంట పోయి చేయించుకొనవచ్చును.