డెంగ్యూ: జ్వరం తగ్గితే గండం గడిచినట్టేనా..? ఒంట్లో కంచే చేను మేస్తే జరిగేది ఇదే..!

వానలు మొదలయ్యాయంటే చాలు.. డెంగ్యూ భయం వెంటాడుతుంది. జ్వరం తగ్గగానే "హమ్మయ్య" అనుకుంటారు చాలామంది. కానీ కొందరికి అసలు గండం మొదలయ్యేది అప్పుడే. కారణం.. మన ఒంట్లో కాపలా కాసే కణాలే!

తొలి కాపలా ఎవరిది?

ఏడిస్ దోమ కుట్టినప్పుడు దాని లాలాజలంతో పాటు వైరస్ చర్మంలోకి చేరుతుంది. అక్కడ డెండ్రిటిక్ కణాలు, మాక్రోఫేజ్‌లు కాపలా ఉంటాయి. పుట్టుకతో వచ్చే రోగనిరోధక శక్తి ఇదే. శత్రువును మింగేయడం, మిగతా కణాలకు కబురు పెట్టడం వీటి పని. ఇంటర్‌ఫెరాన్లు విడుదలై చుట్టుపక్కల కణాలను అలర్ట్ చేస్తాయి. నేచురల్ కిల్లర్ కణాలు వైరస్ సోకిన కణాలను చంపేస్తాయి.

ఇక్కడే అసలు ట్విస్ట్. డెంగ్యూ వైరస్ ఆ కాపలా కణాల్లోనే దూరి, వాటిలోనే సంఖ్య పెంచుకుంటుంది. అవి లింఫ్ గ్రంథులకు వెళ్తే వాటితో పాటే వెళ్తుంది. కంచే చేను మేసినట్టన్నమాట!

రెండోసారి ఎందుకు డేంజర్?

డెంగ్యూ వైరస్‌లో 4 రకాలున్నాయి. ఒకటి సోకితే దాని నుంచి దీర్ఘకాల రక్షణ వస్తుంది. మిగతా వాటి నుంచి రక్షణ కొన్నాళ్లే. తర్వాత వేరే రకం సోకితే, పాత యాంటీబాడీలు వైరస్‌ను పట్టుకుంటాయి కానీ పనిపట్టలేవు. యాంటీబాడీ అంటుకున్న దేన్నైనా మింగడం మోనోసైట్లు, మాక్రోఫేజ్‌ల అలవాటు. అలా వైరస్ దొడ్డిదారిన లోపలికి చేరి మరింత పెరుగుతుంది. అందరికీ ఇలా జరగదు.. కానీ ముప్పు మాత్రం ఎక్కువే.

జ్వరం తగ్గాక ఏం జరుగుతుంది?

రోగనిరోధక కణాలు వదిలే సైటోకైన్లు మోతాదు మించితే సన్నని రక్తనాళాలు లీకవుతాయి. రక్తంలోని ప్లాస్మా బయటికి పోయి బీపీ పడిపోతుంది. సాధారణంగా 3 నుంచి 7 రోజుల మధ్య, జ్వరం దిగే వేళే ఇది మొదలవుతుంది. ఆ తర్వాతి 24 నుంచి 48 గంటలు కీలకం.

ఈ లక్షణాలుంటే ఆలస్యం వద్దు

* తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు
* చిగుళ్లు, ముక్కు నుంచి రక్తం
* విపరీతమైన నీరసం, మగత
* చేతులు, కాళ్లు చల్లబడటం

జ్వరానికి డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసెటమాల్ వాడొచ్చు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ జోలికి వెళ్లొద్దు.. రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. గతంలో డెంగ్యూ వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. థర్మామీటర్ నార్మల్ చూపించినా.. ఆ రెండు రోజులు పేషెంట్‌పై ఓ కన్నేసి ఉంచాల్సిందే.