గుట్టుగా మింగే మాత్ర

నాగ్‌పూర్‌లో 41 ఏళ్ల మనిషి ఒకాయన స్నేహితురాలితో హోటల్లో దిగాడు. మందు తాగుతూ సిల్డెనాఫిల్ 50 మిల్లీగ్రాముల మాత్రలు రెండు వేసుకున్నాడు. వయాగ్రా అని లోకమంతా పిలిచేది దీన్నే. తెల్లవారేసరికి ఒంట్లో నలతగా ఉంది, వాంతి అయింది. డాక్టరు దగ్గరికి పోదామని ఆమె పోరినా వినలేదు. ఇంతకుముందూ ఇలాగే అయింది, అదే తగ్గుతుంది అన్నాడు. ఆస్పత్రికి చేర్చేసరికే ప్రాణం పోయింది. శవపరీక్షలో మెదడులో 300 గ్రాముల గడ్డకట్టిన రక్తం బయటపడింది.

జర్నల్ ఆఫ్ ఫోరెన్సిక్ అండ్ లీగల్ మెడిసిన్‌లో వచ్చిన ఈ ఉదంతాన్ని 2023లో మన పత్రికలూ రాశాయి. చదివినవాళ్లకు మాత్ర గుర్తుండిపోయింది. నన్ను పట్టి కుదిపింది మాత్రం గుండె గురించి అందులో ఉన్న మాట. ఆయన గుండె గోడలు మందమెక్కి ఉన్నాయి. ఏళ్ల తరబడి బీపీ లోలోపల తొలిచేస్తే మిగిలే గుర్తు అది. ఏ జబ్బూ లేదనుకుని తిరిగిన మనిషి ఆయన. మాత్ర, మద్యం, ముందునుంచీ ఉన్న అధిక రక్తపోటు, మూడూ కలిసి ప్రాణం తీశాయని వైద్యులు తేల్చారు.

మన గోస్పాడు, నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ఎవరైనా ఉన్నట్టుండి కూలిపోతే పక్షవాతం కొట్టిందంటారు, మెదట్లో నరం చిట్లిందంటారు. బీపీ ఉందా, షుగరుందా అని అడుగుతారు. రాత్రి ఏం మింగాడని ఎవరూ అడగరు. తెలిసినవాళ్లూ చెప్పరు. ఇంటి ఆడమనిషికి తెలిసినా నలుగురిలో నోరెత్తలేదు. నా గోడంతా ఈ మౌనం గురించే.

మాత్ర మీద తొందరపడి నేరం మోపకూడదు. ఫైజర్ సంస్థ దీన్ని ఇంగ్లండులోని శాండ్‌విచ్ పట్టణంలో గుండెనొప్పి మందుగా పరీక్షించింది. ఆ పనికి అంతంతమాత్రంగానే పనికొచ్చిన మందు అంగస్తంభన లోపానికి బాగా పనికొస్తుందని అప్పుడే తెలిసింది. 1998 మార్చి 27న అమెరికాలో అనుమతి దొరికింది. రక్తనాళాలను సడలించే ఒక రసాయనం శరీరంలో త్వరగా విరిగిపోకుండా ఇది ఆపుతుంది. దాంతో రక్తపోటు మామూలుగా ఎనిమిది పాయింట్ల దాకా తగ్గుతుంది కూడా.

బీపీ తగ్గించే మందు నరం చిట్లేలా ఎలా చేస్తుంది? 2001లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ న్యూరోసర్జరీలో మాత్ర తర్వాత మెదడులో రక్తస్రావమైన కేసు ఒకటి వచ్చింది. మందు సమాచారపత్రంలోనూ ఇలాంటి ఉదంతాల ప్రస్తావన ఉంది. ఆ రోగుల్లో చాలామందికి ముందే గుండె, రక్తనాళాల ముప్పు ఉందనీ, కారణం మాత్రా, శ్రమా, ఆ జబ్బా అన్నది విడదీసి చెప్పలేమనీ అందులోనే రాశారు. కలయిక సమయంలో బీపీ పెరగడం సహజం. నెదర్లాండ్స్ పరిశోధకులు 2011లో మెదడు నాళపు బుడగ పగలడానికి దోహదపడే ఎనిమిది సందర్భాలను గుర్తిస్తే, కోపం, కాఫీ, మలవిసర్జనకు ముక్కడం వంటివాటి సరసన సంభోగమూ ఉంది. మన కేసీ కెనాల్ గట్టు ఎలుకబొరియలతో గుల్లయి ఉంటే గండి పడడానికి పెద్ద వరదే రానక్కర్లేదు. బీపీతో బలహీనపడిన నాళమూ అంతే. మాత్ర వాటా ఎంతో కొలవలేకపోయినా, గుల్లయిన గట్టు సంగతి ముందే తెలుసుకోవచ్చు.

మగవాళ్లు పట్టించుకోని మాట ఒకటుంది. అంగానికి వెళ్లే ధమని గుండె ధమని కన్నా సన్నం. నాళాలు పూడుకోవడం మొదలైతే ముందు ఇబ్బంది పడేది అక్కడే. చాలామందిలో అంగస్తంభన లోపం కనబడిన కొన్నేళ్లకు గుండెజబ్బు బయటపడుతుంది. అంటే ఒళ్లు ముందుగానే హెచ్చరిస్తోంది. ఆ హెచ్చరిక విని బీపీ, షుగరు చూపించుకోవలసినవాడు, చీకటిపడ్డాక మందుల షాపు ముందు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి మాత్ర అడుగుతాడు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ మందు ఇది. చేతికి మాత్ర వస్తుంది, బీపీ పట్టీ మాత్రం చేతికి చుట్టరు.

దీనికి తోడు మరో ముప్పు. బీపీ మాత్రల్లో కొన్ని పటుత్వం తగ్గిస్తాయి. అది గమనించిన మనిషి ఎవరికీ చెప్పకుండా బీపీ మాత్ర మానేసి ఈ మాత్ర మొదలుపెడతాడు. డాక్టరుతో ఒక్క మాట అంటే మందు మార్చి ఇస్తారు. అడగడానికి సిగ్గు. వైద్యులూ తమంతట తాము అడిగితే ఎంత బాగుంటుంది! 170/110 దాటిన బీపీ ఉన్నవాళ్లకూ, ఆరు నెలల్లోపు గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకూ ఈ మాత్ర సిఫారసు చేయరు. బీపీ కొలిపించుకోనివాడికి తన అంకె ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

షాపుకూ వెళ్లలేనివాళ్లు పొడులూ లేహ్యాలూ కొంటారు. లైంగిక శక్తి పెంచుతామని ప్రకటించుకోవడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది, అయినా ప్రకటనలు ఆగలేదు. మూలికలన్న పేరుతో సిల్డెనాఫిల్ కలిపి అమ్మడం ఎన్నో దేశాల్లో పట్టుబడింది. 2008లో సింగపూర్‌లో ఇలాంటి దొంగ మందుల్లో షుగరు మాత్ర గ్లైబెన్‌క్లమైడ్ కలిసింది. షుగరు జబ్బే లేని 150 మంది రక్తంలో చక్కెర పడిపోయి ఆస్పత్రుల పాలయ్యారు, నలుగురు చనిపోయారు.

మౌనం ఖరీదు తెలిసేది ఆస్పత్రి క్యాజువాలిటీలో. ఛాతీ నొప్పితో వచ్చినవాడికి నాలుక కింద గుండెనొప్పి మాత్ర సార్బిట్రేట్ పెట్టడం మామూలు. సిల్డెనాఫిల్ వేసుకుని 24 గంటలు కాకుండా, అదే కోవకు చెందిన టాడలాఫిల్ అయితే 48 గంటలు కాకుండా అది పెడితే బీపీ ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోవచ్చు. అందుకే మగవాళ్లను పక్కకు పిలిచి, ఈ మాత్ర ఏమైనా వేసుకున్నావా అని వైద్యుడు ఒక్క ప్రశ్న అడగాలి. రోగి మాట్లాడలేకపోతే ఖాళీ స్ట్రిప్పు డాక్టరు చేతిలో పెట్టండమ్మా, అక్కడ సిగ్గుపడొద్దు.

ఈ మాత్రతో తలనొప్పి మామూలే. అయితే పిడుగుపడినట్టు వచ్చిన తలనొప్పి, ఆగని వాంతి, మూతి వంకర, తడబడే మాట కనిపిస్తే దిగని మత్తు అనుకుని పడుకోబెట్టవద్దు. నాటుమందు కోసం ఊళ్లు తిరగవద్దు. 108కి ఫోన్ చేసి, స్కాన్ తీసే ఆస్పత్రికి తీసుకెళ్లండి. నాళం పూడుకుందో చిట్లిందో సీటీ స్కాన్ చూడకుండా ఎవరూ చెప్పలేరు. అప్పటిదాకా నోట్లో ఏమీ వేయకండి, ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ కూడా.